రాజీనామా వెనక్కి తీసుకున్నా విధుల్లో చేర్చుకోవడం లేదు

ప్రశ్న: తిరుపతిలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సహాయ ఆచార్యుడిని. శాఖాధిపతి అందరి ముందూ అవమానించడంతో 10వ తేదీన రాజీనామా ఇచ్చాను. 18న ఉపసంహరించుకుంటూ రిజిస్ట్రారుకు ఈమెయిల్ పంపాను. 27న, 16వ తేదీ వేసిన ఆమోద ఉత్తర్వు చేతిలో పెట్టారు. ఈమెయిల్ రాలేదంటున్నారు. 14 నెలలుగా వినతిపత్రాలు ఇస్తున్నాను. 15వ తేదీతో ఉపసంహరణ లేఖ రాసిస్తే టపాలు విభాగంలో ముద్ర వేయిస్తానని మిత్రుడు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన పూర్తి ఉత్తరం నిండా శాఖాధిపతి అన్న మాటలే. వాటితో కేసు గెలవలేరు. మీ బలమంతా మీరు జతచేసిన రాజీనామా నకలులోని చివరి వాక్యంలో ఉంది: ‘ఈ నెల 31 సాయంత్రం నుంచి నన్ను విధుల నుంచి తప్పించగలరు.’ దాని గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు!

రాబోయే ఒక తేదీ నుంచి అమలయ్యేలా ఇచ్చిన రాజీనామాను, సర్వీసు నిబంధనలు అడ్డురాకపోతే, ఆ తేదీలోగా ఉపసంహరించుకోవచ్చు. 1978లో గోపాల్ చంద్ర మిశ్రా కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని తేల్చింది. స్వచ్ఛంద పదవీ విరమణకు సంబంధించిన జె.ఎన్. శ్రీవాస్తవ కేసులో, ఆమోదించిన తర్వాత కూడా ఆ హక్కు ఉంటుందని చెప్పింది. కాబట్టి 16వ తేదీని చూసి బెదిరిపోకండి. మీరు 18న పంపినట్లు రుజువైతే చాలు.

ఇంత బలమైన కేసును పాత తేదీ కాగితంతో పాడుచేసుకుంటారా? ఆవక రిజిస్టరు (వచ్చిన ఉత్తరాలను నమోదు చేసే పుస్తకం) తెప్పిస్తే గుట్టు బయటపడుతుంది. అది భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద ఫోర్జరీ నేరం. మీతోపాటు ముద్ర వేసిన గుమాస్తా కూడా జైలుకు వెళ్లాల్సి రావచ్చు. ఆ మిత్రుడి మాట వినకండి.

ఆ ఈమెయిల్‌ను చెరిపేయకండి. ప్రింటు తీసి, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయండి. సమాచార హక్కు చట్టం కింద నోట్ ఫైలు (మీ రాజీనామాపై అధికారులు రాసుకున్న వ్యాఖ్యలు), ఆవక రిజిస్టరు నకళ్లు అడగండి. మీ నియామక అధికారి పాలక మండలి అయితే, దాని తీర్మానం లేదా రిజిస్ట్రారుకు అధికారం అప్పగించిన ఉత్తర్వు కూడా అడగండి. అవి లేకుంటే ఆమోదమే చెల్లదని వాదించవచ్చు.

14 నెలలు వినతిపత్రాలతో గడిపేయడం క్షమించరాని అజాగ్రత్త. వినతుల మీద వినతులు ఇచ్చినంత మాత్రాన గడువు పెరగదని 2008లో సి. జాకబ్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. రిట్‌కు (అధికారుల చర్యను సవాలు చేస్తూ నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్‌కు) నిర్ణీత కాలపరిమితి లేకపోయినా, జాప్యం కారణంగానే కొట్టేయవచ్చు. సమాచార హక్కు జవాబు కోసం ఆగకుండా ఈ నెలలోనే అమరావతిలోని హైకోర్టులో రిట్ వేయండి. ఆలస్యానికి కారణాలను తేదీలవారీగా అఫిడవిట్‌లో రాయండి. ఈలోగా నో డ్యూస్ పత్రం మీదా, తుది లెక్కల కాగితాల మీదా సంతకం పెట్టవద్దు. ఇప్పటికే పెట్టి ఉంటే ఆ సంగతి మీ న్యాయవాదికి మొదటి రోజే చెప్పండి.