పాత కార్ల సీట్ల మీద మక్కువ బతుకుతెరువు అవుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి విజయవాడలో బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. 1960ల నాటి ‘జాగ్వార్ ఈ-టైప్’ కూపే (బ్రిటన్‌లో తయారైన స్పోర్ట్స్ కారు) లోపల సీట్లు, తివాచీలు, డ్యాష్‌బోర్డు అసలు ఎలా ఉండేవో రాత్రంతా వెతుకుతుంటాడు. ఇదే వృత్తిగా చేసుకుంటానంటున్నాడు. ఇందులో సంపాదన ఉంటుందా? – ఒక తల్లి

జవాబు: ఉంటుందమ్మా. కాకపోతే వెతకడం ఒక్కటే వస్తే చాలదు, కుట్టడం కూడా రావాలి.

ముందు మీ అబ్బాయి దేని వెంట పడ్డాడో చెబుతాను. ఈ-టైప్ 1961లో జెనీవాలో విడుదలైంది. పేరు అదే ఉన్నా లోపలి తీరు మారుతూ వచ్చింది. తొలి కార్లలో కాళ్ల కింద నేల చదునుగా ఉండేది. కాళ్లు చాపుకోవడానికి చోటు చాలక 1962లో అక్కడ పల్లం చేశారు. డ్యాష్‌బోర్డు నడుమ మొదట చుక్కల అచ్చు వేసిన అల్యూమినియం రేకు ఉండేది. 1964లో 4.2 లీటర్ల ఇంజిను వచ్చేసరికి ఆ చోట నల్లని తొడుగు కనిపిస్తుంది, సీట్లూ మారాయి. 1962 కారులో 1965 సీటు బిగిస్తే, అది ఎంత మెరిసినా తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. కారు విలువ తగ్గిపోతుంది. ఆ తేడా చెప్పగలిగినవాడికే డబ్బిస్తారు.

బ్రిటన్‌లోని జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్టు పాత రికార్డులు చూసి ధ్రువపత్రం ఇస్తుంది. కారు ఏ రంగుతో, లోపల ఏ రంగు తోలుతో ఫ్యాక్టరీ దాటిందో అందులో ఉంటుంది. తోలు ఎరుపని కాగితం చెబుతుంది గానీ కుట్టు ఎక్కడ మలుపు తిరిగిందో చెప్పదు. అందుకు సీటు విప్పాల్సిందే. అరవై ఏళ్లుగా ఎండ తగలని మడతలో అసలు రంగు దాగి ఉంటుంది. కొన్నిసార్లు తలుపు లోపలి అట్ట వెనక కార్మికుడు పెన్సిలుతో రాసిన బాడీ నంబరూ దొరుకుతుంది. మీ అబ్బాయి చూస్తున్న ఫొటోల్లో చాలావరకు బాగుచేసిన కార్లవే అయి ఉంటాయి. వాటిని సాక్ష్యంగా తీసుకోవద్దని గట్టిగా చెప్పండి. ఒకరు చేసిన తప్పును చూసి పదిమంది అలాగే కుట్టించుకుంటారు.

డిగ్రీ మాత్రం మధ్యలో ఆపనివ్వకండి. సెలవుల్లో ఆటోనగర్‌లో సీట్లు కుట్టే మేస్త్రీ దగ్గర కూర్చోబెట్టండి. తోలు కోయడం, స్పాంజి చెక్కడం, పాత కవరును విప్పి కొత్తదానికి నమూనా గీయడం అక్కడే వస్తాయి. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని మెక్‌ఫెర్సన్ కాలేజీలో పాత కార్ల పునరుద్ధరణకే డిగ్రీ ఉంది. ఖర్చు ఎక్కువ కాబట్టి చేతికి పని వచ్చాక ఆలోచించవచ్చు.

మన దేశంలో ఈ-టైప్‌లు చాలా తక్కువ, అందుకే ఇక్కడ వాటినే నమ్ముకోకూడదు. ఫియట్లు, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌లు ఉన్నాయి. యాభై ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇచ్చేలా 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. అసలు రూపం ఏదో తేల్చి చెప్పేవారి అవసరం ఇంకా పెరుగుతుంది.

ఈ వేసవిలో ఎవరి షెడ్డులోనైనా ఇంతవరకు ఎవరూ చేయిపెట్టని ఫియట్ ఒకటి వెతకమనండి. యజమాని అనుమతితో ఒక సీటు విప్పి, ప్రతి మడతనూ కొలిచి, ఫొటో తీసి నోటుపుస్తకంలో రాయమనండి. ఆ పుస్తకం తీసుకుని మీరిద్దరూ నా దగ్గరికి రండి.