జాన్ కేజ్ పియానోలో నవరసాలను ఎలా వినాలి?

అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ పియానో ఖండికలు "సొనాటాలు, ఇంటర్లూడ్లు" (చిన్న వాద్య ఖండికలు, వాటి మధ్య వచ్చే ఖండికలు) నవరసాల ప్రేరణతో పుట్టాయని చదివి విన్నారనీ, గిన్నెలు మోగినట్టే తప్ప రసమేదీ తోచలేదనీ మీరు నాకు రాశారు. తిరుపతిలో పదేళ్లుగా వీణ సాధన చేస్తున్న నేనూ మొదట అక్కడే చిక్కుకున్నాను. కాగితం మీద తొమ్మిది రసాల పేర్లు రాసుకుని, 16 సొనాటాలనూ 4 ఇంటర్లూడ్లనూ వాటి కింద సర్దుతూ రెండు ఆదివారాలు వృథా చేశాను. ఏ భాగం ఏ రసానిదో కేజ్ చెప్పనే లేదని తర్వాత తెలిసింది.

1946–48 మధ్య ఈ రచన చేసే నాటికి ఆయన భారతీయ కళాతత్త్వంపై రాసిన ఆనంద కుమారస్వామి గ్రంథాలు చదివి, స్థాయిభావాలన్నీ (రసాలకు మూలమైన స్థిర భావాలు) చివరికి శాంతం వైపే మొగ్గుతాయన్న ఆలోచనను పట్టుకున్నారు. 1946లో న్యూయార్క్ వెళ్లిన అహ్మదాబాద్ సంగీతకారిణి గీతా సారాభాయ్, మనస్సును నెమ్మదింపజేసి దైవ ప్రభావానికి అనువుగా మలచడమే సంగీత ప్రయోజనమని తన గురువు చెప్పిన మాటను ఆయనకు చేరవేశారు. అయితే విభావానుభావ సంచారి భావాల (భావాన్ని పుట్టించే కారణాలు, దాన్ని బయటపెట్టే చేష్టలు, వచ్చిపోయే భావాలు) ఊసు లేకుండా రసాన్ని పేర్కొనడం మన అలంకారశాస్త్రం చదివినవారికి కొంత వెలితిగానే ఉంటుంది. పైగా నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పినవి ఎనిమిదే అని, శాంతం తర్వాత చేరిందని వాదించే పండితులూ ఉన్నారు.

నాకు దారి చూపింది శబ్దమే. పియానోలో చాలా స్వరాలకు రెండు మూడేసి తీగలుంటాయి. కేజ్ 45 స్వరాల తీగల మధ్య మరలు, నట్లు, రబ్బరు, ప్లాస్టిక్ ముక్కలు దూర్చి, ఏది ఎంత దూరంలో ఉండాలో అంగుళాలలో పట్టిక ఇచ్చారు. చిత్తూరులో ఒక బడిలోని నిలువు పియానోలో అనుమతి తీసుకుని నేనూ ప్రయత్నించాను. తీగలు నిలువుగా ఉండటంతో మర జారి అడుగున పడి, దాన్ని వెతకడానికే అరగంట పట్టింది. రబ్బరు ముక్క మాత్రం నిలిచింది. ఆ మెట్టు నొక్కితే ఘటం మీద వేలు తగిలినట్టు పొడిగా, పొట్టిగా పలికింది. తిరుపతి మహతి ఆడిటోరియంలో కచేరీకి ముందు తంబురా గుర్రం మీద తీగ కింద నూలుపోగును వెంట్రుకవాసి జరిపి నాదాన్ని విప్పే కళాకారులు అప్పుడు గుర్తొచ్చారు. ఒక చిన్న వస్తువు తీగ గొంతును మార్చేస్తుంది.

ఇక వినే పద్ధతి. ఈ సొనాటాలలో చాలావాటికి రెండు భాగాలుంటాయి, ప్రతి భాగమూ రెండుసార్లు వస్తుంది. మన కృతిలో అదే పంక్తి తిరిగి వచ్చినప్పుడు సంగతి (పాడే తీరు) మారుతుంది. ఇక్కడ అదే మళ్లీ వస్తుంది కాబట్టి, రెండోసారి స్వరం పుట్టుక మీద కన్నా అది ఎలా ఆరిపోతుందన్న దాని మీద చెవి నిలపండి. గమకం కోసం వెతకవద్దు. ముందుగా 14, 15 సొనాటాలను వరుసగా, ఇయర్‌ఫోన్లలో వినండి. ఫోన్ స్పీకరులో ఆ ఆరిపోయే చివర వినపడదు.