కుక్కను పంపేయమనే హక్కు అసోసియేషన్‌కు లేదు, కంపు భరించాల్సిన ఖర్మా పక్కవాళ్లకు లేదు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో మూడేళ్లుగా అద్దెకుంటున్నాం. అద్దె 22 వేలు, అడ్వాన్సు 66 వేలు. మా లాబ్రడార్‌కు పదకొండేళ్లు. నాలుగు నెలలుగా నిద్రలోనే మూత్రం పోసేస్తోంది. దాని పరుపును వాషింగ్ మెషిన్‌లో ఎన్నిసార్లు ఉతికినా వాన పట్టిందంటే మళ్లీ అదే వాసన. కింది ఫ్లాటువాళ్లు ఫిర్యాదు చేయడంతో, 15 రోజుల్లో కుక్కను పంపేయాలని, లేకపోతే రోజుకు 500 జరిమానా అని అసోసియేషన్ నోటీసు ఇచ్చింది. ఇల్లు పాడైంది కాబట్టి అడ్వాన్సు తిరిగివ్వనని ఓనరు అంటున్నారు. చట్టం మాకు ఏమైనా రక్షణ ఇస్తుందా?

జవాబు: ఇందులో రెండు గొడవలు కలిసిపోయాయి. ఇంట్లో కుక్క ఉండొచ్చా అన్నది ఒకటి. దాని వాసన పక్కవాళ్ల ఇంట్లోకి వెళ్లొచ్చా అన్నది ఇంకొకటి. మొదటిదానిలో మీ పక్షం బలంగా ఉంది. రెండోదానిలో కింది ఫ్లాటువాళ్ల పక్షం బలంగా ఉంది. మీ కేసు నిలబడేదీ పడిపోయేదీ ఆ పరుపు మీదే. అందుకే సెక్షన్లతో పాటు పరుపు సంగతీ వివరంగా రాయాల్సి వస్తోంది.

కేంద్ర జంతు సంక్షేమ మండలి 2015 ఫిబ్రవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నివాసుల సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించకూడదు. మెజారిటీతో తీర్మానం చేసినా, బైలాస్ (సంఘం నియమావళి) మార్చినా అది చెల్లదని అందులో ఉంది. లిఫ్టు వాడొద్దనడం, సొంతంగా జరిమానాలు వేయడం కూడా కూడదని చెప్పింది. ఇవి మార్గదర్శకాలే తప్ప పార్లమెంటు చేసిన చట్టం కాదు. అయినా వాటి వెనుక 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, ప్రాణుల పట్ల దయ చూపడం పౌరుల విధి అనే రాజ్యాంగంలోని 51ఎ(జి) అధికరణ ఉన్నాయి. పెంపుడు జంతువులను ఉంచుకోకూడదనే నివాస సంఘాల నిబంధనలు చెల్లవని 2021లో కేరళ హైకోర్టు తీర్పునిచ్చింది. ఆ తీర్పుకు తెలంగాణ కోర్టులు కట్టుబడి ఉండాలని లేదు గానీ, వాదనలో చూపించుకోవడానికి బాగా పనికొస్తుంది. భయపడి కుక్కను ఏ రోడ్డు మీదో వదిలేశారనుకోండి, అప్పుడు అదే 1960 చట్టం సెక్షన్ 11 కింద తప్పు మీది అవుతుంది.

ఇక వాసన. ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించే పని భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 270 నిర్వచనం కిందికి రావొచ్చు. సెక్షన్ 292 కింద వెయ్యి రూపాయల వరకు జరిమానా ఉంది. కింది ఫ్లాటువాళ్లు సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (దాన్ని ఆపమనే కోర్టు ఉత్తర్వు) కూడా అడగొచ్చు. 'వాళ్లు కుక్కను నిషేధించలేరు' అన్న మీ వాదన ఇక్కడ పనిచేయదు. వాళ్లు అడుగుతున్నది కుక్కను పంపేయమని కాదు, వాసన ఆపమని. మండలి మార్గదర్శకాలు కూడా పెంపుడు జంతువు వల్ల ఇతరులకు ఇబ్బంది కలగకుండా చూసుకోవాల్సింది యజమానే అంటున్నాయి.

మీరు ఎన్నిసార్లు ఉతికినా వాసన ఎందుకు పోవడం లేదంటే, మీరు ఉతుకుతున్నది గలీబునే. మూత్రం ఆ బట్ట దాటి లోపలి ఫోములోకి దిగిపోయింది. మూత్రంలోని యూరియాను బ్యాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది, ముక్కుకు గుచ్చుకునే ఘాటు అదే. ఎండిపోయిన లవణాలు ఫోము లోపలే ఉండిపోయి, గాలిలో తేమ పెరగగానే చెమ్మగిల్లుతాయి. వాన పట్టగానే వాసన రావడానికి కారణం అది. జిప్పు తీసి ఫోము మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కి వాసన చూడండి, ఎంత లోతుకు దిగిందో తెలిసిపోతుంది.

నాలుగు నెలలు మూత్రం తాగిన మూడు నాలుగు అంగుళాల ఫోమును బాగుచేయాలని చూడొద్దు. డబ్బు, సమయం రెండూ దండగ. కొత్త ఫోము కొని, దానికి నీరు చొరబడని కవరు తొడిగి, పైన ఉతికే గలీబు వేయండి. గలీబులు రెండు ఉంటే ఒకటి ఉతికి ఆరేలోపు రెండోది వాడుకోవచ్చు. పాత ఫోమును పాలిథిన్‌లో చుట్టి చెత్త బండికి ఇవ్వండి. సెల్లార్లోనో మెట్ల కింద మూలనో పెడితే రెండో ఫిర్యాదుకు మీరే ఆధారం ఇచ్చినట్లు.

గలీబు మాత్రం బాగవుతుంది. తడి ఇంకా ఉండగానే పాత టవల్ వేసి దాని మీద నిలబడి నీరు పీల్చేయాలి, రుద్దకూడదు. వెంట్రుకలు దులిపి, లోపలి వైపు బయటికి తిప్పి, చల్లటి నీళ్లలో జాడించండి. తర్వాత ఒక వంతు తెల్ల వెనిగర్, మూడు వంతుల నీళ్ల మిశ్రమంలో అరగంట నానబెట్టి బాగా జాడించాలి. ఇది అమ్మోనియాను తటస్థం చేస్తుందే గానీ మిగతా మురికిని విరగ్గొట్టదు. ఆ పని పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ది. దాన్ని మచ్చ మీద స్ప్రే చేసి ఐదు నిమిషాల్లో కడిగేస్తే ఫలితం ఉండదు. మూత్రం ఎంత లోతుకు, ఎంత వెడల్పుకు పాకిందో అంతమేరా తడవాలి. ఆరిపోతే ఎంజైమ్ పని ఆగిపోతుంది కాబట్టి పైన పాలిథిన్ కప్పి, సీసా మీద రాసినంత సేపు, పాత మరకైతే రాత్రంతా ఉంచండి. బట్టలో వెనిగర్ గానీ ఫినాయిల్ గానీ మిగిలి ఉంటే ఎంజైమ్ సరిగా పనిచేయదు. మరిగే నీళ్లు కూడా దాన్ని చంపేస్తాయి.

ఆ తర్వాతే మెషిన్. గలీబును విడిగా వేయండి, డ్రమ్ము సగానికి మించకూడదు. కిక్కిరిసి ఉంటే నీళ్లు మడతల్లోకి పోవు. ఎంజైములున్న డిటర్జెంట్‌తో 40 డిగ్రీల దగ్గర, లేదా లేబుల్ ఒప్పుకున్నంత వేడిలో ఉతికి, అదనంగా ఇంకో రెండుసార్లు జాడించండి. మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లయితే ఈ రెండు జాడింపులూ తప్పనిసరి. కఠిన జలంలో సబ్బు పొర బట్టకు అంటుకుని వాసనను పట్టి ఉంచుతుంది. బట్టలు మెత్తబడటానికి వేసే సువాసన ద్రవం అసలే వద్దు, అదీ పొరలానే పేరుకుంటుంది. వంటసోడా అరకప్పు వేయొచ్చు గానీ వెనిగర్‌తో కలిపి కాదు. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని బుడగలే మిగులుతాయి.

ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. బ్లీచింగ్ ద్రవాన్ని మూత్రం ఉన్న బట్ట మీద పోస్తే క్లోరమిన్ వాయువులు, వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తాయి. తలుపులు మూసిన బాత్రూములో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

గలీబు తడిగా ఉండగానే వాసన చూడండి. ఆరాక రాని వాసన తడిలో బయటపడుతుంది. వస్తుంటే ఎంజైమ్ మళ్లీ పెట్టాలి, డ్రైయర్లో మాత్రం వేయొద్దు, వేడికి మరక బిగుసుకుంటుంది. పోయిందని తేలాకే ఎండలో ఆరేయండి.

ఈ ఉతుకుడంతా బాల్కనీలో చేస్తున్నారా? అక్కడి నుంచి నీళ్లు ఎక్కడికి పోతున్నాయో ఒకసారి చూడండి. చాలా అపార్ట్‌మెంట్లలో బాల్కనీ గొట్టం కింది బాల్కనీ పక్కగానే దిగుతుంది, దాని జాయింటు కారుతుంటే మీ మూత్రపు నీళ్లే వాళ్ల గచ్చు మీద. రెయిలింగ్ మీద ఆరేసిన గలీబు నుంచి కారే చుక్కలూ అంతే. కింది ఫ్లాటువాళ్ల ఫిర్యాదుకు అసలు కారణం అదే కావొచ్చు. బాత్రూములో ఉతికి, నీరు పూర్తిగా పిండాకే ఆరేయండి.

ముసలి కుక్క నిద్రలో మూత్రం పోయడం చాలాసార్లు జబ్బు లక్షణం. మూత్రనాళ ఇన్ఫెక్షన్, మధుమేహం, కిడ్నీ సమస్య, మూత్రాశయ కండరం బలహీనపడటం, ఏదైనా కావొచ్చు, వీటిలో కొన్నిటికి మందులున్నాయి. వెటర్నరీ డాక్టరుకు చూపించి ఆ చీటీ దాచండి. చికిత్స చేయిస్తున్నారనడానికి కోర్టులో అంతకంటే మంచి కాగితం ఉండదు. దాని పక్కనే రేబిస్ టీకా సర్టిఫికెట్, నగరపాలక సంస్థ దగ్గర చేయించిన కుక్క రిజిస్ట్రేషన్, కొత్త ఫోము, కవరు, ఎంజైమ్ క్లీనర్ బిల్లులు, తేదీలతో ఫొటోలు పెట్టండి. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో వచ్చిన బెదిరింపులుంటే చెరిపేయొద్దు. అవి సాక్ష్యంగా చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి.

నోటీసుకు జవాబు 15 రోజుల గడువు లోపలే, లిఖితంగా ఇవ్వండి. పొడుగ్గా అక్కర్లేదు. ఇలా రాస్తే చాలు: 'మీ నోటీసు అందింది. కుక్కకు పశువైద్యుడి చికిత్స జరుగుతోంది. పరుపు పూర్తిగా మార్చాం, ఉతికే నీరు బాల్కనీలోకి పోకుండా చేశాం. వచ్చే ఆదివారం ఉదయం కమిటీ సభ్యులిద్దరు, ఫిర్యాదుదారులు వచ్చి పరిశీలించగలరు. కుక్కను తొలగించాలన్న ఆదేశం, రోజువారీ జరిమానా 2015 మార్గదర్శకాలకు విరుద్ధం కనుక ఉపసంహరించుకోగలరు.' స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి, ఒక ప్రతి ఓనరుకూ ఇవ్వండి. వాళ్లు వచ్చే రోజు అగరుబత్తి, రూమ్ ఫ్రెషనర్ లాంటివి వాడకండి. ఏదో దాస్తున్నారనే అనుమానమే మిగులుతుంది. ఆ తర్వాత కూడా నీళ్లు ఆపడం, లిఫ్టు ఆపడం చేస్తే సివిల్ కోర్టులో శాశ్వత ఇంజంక్షన్ దావా వేసి, దానితోపాటే తాత్కాలిక ఇంజంక్షన్ అడగొచ్చు.

ఓనరు విషయంలో ముందు మీ అగ్రిమెంటు తీసి చదవండి. 'పెంపుడు జంతువులు ఉండకూడదు' అన్న షరతు మీద మీరు సంతకం చేసి ఉంటే పైన చెప్పిన మార్గదర్శకాలు మిమ్మల్ని పెద్దగా కాపాడలేవు. అవి సంఘాల కోసం రాసినవి, మీరిద్దరూ చేసుకున్న ఒప్పందం వేరు. షరతు లేకపోతే మీ స్థానం మెరుగు. అయితే మీ అద్దె నెలకు 3,500 దాటింది కనుక అద్దె నియంత్రణ చట్టం మీకు వర్తించదు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే దిక్కు. దాని ప్రకారం, అగ్రిమెంటులో వేరే గడువు లేని నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయమనొచ్చు. ఆయనకు కారణం కూడా చెప్పాల్సిన పని లేదు.

అడ్వాన్సు సంగతి వేరు. అదే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108(ఎం) ప్రకారం మామూలు అరుగుదల మినహాయించి ఇల్లు తీసుకున్న స్థితిలో అప్పగించాలి. మూత్రం తాగి ఉబ్బిపోయిన ప్లైవుడ్ అల్మరా కాళ్లు, రంగు మారిన టైల్స్ సందులు మామూలు అరుగుదల కావు, వాటి మరమ్మతు ఖర్చు మీదే. కానీ మూడేళ్లకు వేసే పెయింటింగ్ మీ మీద రుద్దడం కుదరదు. అలాగే 'ఇల్లు పాడైంది' అని మొత్తం 66 వేలూ మింగేయడం కుదరదు, ఒప్పంద చట్టం ప్రకారం నిజంగా జరిగిన నష్టమే దక్కుతుంది. ఖాళీ చేసే రోజున ఓనరు సమక్షంలో గది గదికీ వీడియో తీయండి. కోసిన ప్రతి రూపాయికీ బిల్లు అడగండి. ఇవ్వకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ముందస్తు పిటిషన్ (దావాకు ముందే రాజీ కోసం పెట్టేది) పెట్టండి. కోర్టు ఫీజు ఉండదు, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం. వివరాలకు 15100కు ఫోన్ చేయొచ్చు. రాజీ కుదరకపోతే డబ్బు వసూలు దావాకు మూడేళ్ల గడువు ఉంటుంది.