స్తంభాలు లేచాయి, రైలెప్పుడు? మెట్రో నిర్మాణ సారథ్యంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది కడప జిల్లా. పన్నెండేళ్లుగా బెంగళూరులో ఒక నిర్మాణ సంస్థ తరఫున ఫ్లైఓవర్లు, ఎలివేటెడ్ మార్గాల పనులు చేయిస్తున్నాను. ఇప్పుడు ఒక ప్రజా రవాణా సంస్థలో ఒక ప్యాకేజీకి (విడిగా గుత్తకిచ్చే పనుల భాగానికి) ప్రాజెక్టు మేనేజరుగా చేరే అవకాశం వచ్చింది. ఇన్నాళ్లూ గుత్తేదారు పక్షాన ఉన్నవాడు పని ఇచ్చే సంస్థ పక్షానికి వెళితే ఏం మారుతుంది? మొదట దేని మీద దృష్టి పెట్టాలి?
– ఒక పాఠకుడు, కె.ఆర్.పురం, బెంగళూరు

జవాబు: మీరు చేసే పనికన్నా మీరు జవాబు చెప్పుకోవలసిన విషయం ఎక్కువగా మారుతుంది. గుత్తేదారు సంస్థలో ఎన్ని స్తంభాలు లేచాయి, ఎన్ని గర్డర్లు (స్తంభాల మీద పరిచే దూలాలు) ఎక్కాయి, నెలాఖరు బిల్లు ఎంత అనేవే మీకు కొలమానాలు. ఆ మూడూ సవ్యంగా ఉన్నా రైలు నడవకపోవచ్చునన్నది సంస్థ పక్షాన కూర్చున్నాకే తెలిసివస్తుంది. సివిల్ పనికి ఒక గుత్త, పట్టాలకు ఒకటి, విద్యుత్తుకు ఒకటి, సిగ్నలింగుకు ఒకటి, బోగీలకు ఒకటి, లిఫ్టులకూ ఎస్కలేటర్లకూ మరొకటి ఉంటాయి. ఎవరి ఒప్పందంలో రాసినదానికి వారే బాధ్యులు. ఒకరి పని ముగిసి మరొకరి పని మొదలయ్యే అతుకు మాత్రం వారిలో ఎవరిదీ కాదు. అది మీది. నన్నడిగితే మీ ఉద్యోగంలో ముప్పాతిక వంతు అదే.

మీరు ఉంటున్న చోటే దీనికి మంచి ఉదాహరణ ఉంది. బయ్యప్పనహళ్లి దాకా మెట్రో 2011 అక్టోబరులోనే వచ్చింది. వైట్‌ఫీల్డు నుంచి కె.ఆర్.పురం వరకు 13.71 కిలోమీటర్ల మార్గం 2023 మార్చి 25న మొదలైంది. ఈ రెండింటికీ మధ్య మిగిలిన సుమారు రెండు కిలోమీటర్ల ముక్క అదే ఏడాది అక్టోబరు 9న గాని కలవలేదు. ఆ మధ్యకాలమంతా ప్రయాణికులు ఒక మెట్రో దిగి, ఫీడరు బస్సెక్కి, మళ్లీ మెట్రో ఎక్కారు. ఆ ముక్కలో బెన్నిగానహళ్లి దగ్గర రైల్వే పట్టాల మీదుగా ఉక్కు ఓపెన్ వెబ్ గర్డరు (జాలీలా అల్లిన వంతెన దూలం) వేయవలసి వచ్చింది. నడుస్తున్న రైలు మార్గంపై గర్డరు జరపాలంటే రైల్వేవారు డ్రాయింగులను ఆమోదించాలి, రైల్వే భద్రతా కమిషనరు అనుమతి రావాలి, ఆ తరువాత ఫలానా రాత్రి ఫలానా గంటల మధ్య రైళ్లు ఆపడానికి బ్లాకు దొరకాలి. ఈ మెట్లలో ఏ ఒక్కటీ గుత్తేదారు చేతిలో లేదు. అందుకే కొత్త ప్యాకేజీలో చేరిన మొదటి వారంలోనే, మీ మార్గం ఇతరుల ఆస్తిని దాటే ప్రతి చోటునూ (రైల్వే, జాతీయ రహదారి, హైటెన్షన్ లైను, వాననీరు పోయే రాజకాలువ) ఒక పట్టికగా వేసుకుని, ఆ ఫైళ్లు ఏ బల్ల మీద ఉన్నాయో స్వయంగా వెళ్లి చూడండి. మిగతా పనులు గుత్తేదారు చూసుకుంటాడు.

ఇక స్థలం సంగతి. కర్ణాటకలో మెట్రోకు కావలసిన భూమిని చాలావరకు పారిశ్రామిక ప్రాంతాల అభివృద్ధి మండలి ద్వారా, 1966 నాటి చట్టం కింద సేకరిస్తారు. ఆ చట్టంలోని సెక్షన్ 28(1) కింద ప్రాథమిక ప్రకటన, అభ్యంతరాల విచారణ, 28(4) తుది ప్రకటన, ఆపైన పరిహారం వరుసగా నడుస్తాయి. ఇది రెవెన్యూవారి పని, ఇంజినీరుకు సంబంధం లేదని అనుకునేవారు చాలామంది ఉన్నారు. సైటు అప్పగించవలసిన తేదీ ఒప్పందంలో ఉంటుంది. ఆ తేదీకి పది స్తంభాల చోటు ఇచ్చి, పదకొండవ దాని దగ్గర ఒక దుకాణం మిగిలిపోతే, లాంచింగ్ గర్డరు (దూలాలను ఎత్తి స్తంభాల మీద పెట్టే యంత్రం) పదవ స్తంభం దగ్గరే నిలుస్తుంది. అది ఖాళీగా నిలిచిన ప్రతి రోజుకూ మీ సంస్థకు గడువు పొడిగింపు, ఐడిల్ చార్జీలు (యంత్రాలు ఊరకే ఉన్నందుకు పరిహారం) అంటూ ఉత్తరం వస్తుంది. విదేశీ రుణంతో సాగే పనుల్లో తరచుగా వాడే ఫిడిక్ (అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజినీర్ల సమాఖ్య) నమూనా ఒప్పందాల్లో, 1999 నాటి ఎర్ర పుస్తకం ప్రకారం, గుత్తేదారు అటువంటి క్లెయిముకు 28 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి, లేకపోతే హక్కు పోతుంది. ఇన్నాళ్లూ ఆ నోటీసులు రాసినది మీరే కాబట్టి వాటి మర్మం ఎవరూ మీకు చెప్పనక్కరలేదు. సంస్థ మీకు ఇవ్వబోయే జీతంలో కొంత ఆ తెలివికే అని నా అనుమానం.

స్థలం చేతికి వచ్చినా భూమి లోపల ఏముందో ఇంకా తెలియదు. పైలింగ్ రిగ్గు (పైళ్లు, అంటే పునాది స్తంభాలు, దించే యంత్రం) నిలబెట్టే ముందు చేత్తో తవ్వించే ట్రయల్ పిట్ (పరీక్ష గొయ్యి) దగ్గర ఒక పూట నిలబడి చూడండి. జలమండలి డ్రాయింగులో నీటిగొట్టం ఫుట్‌పాత్ కింద ఉంటుంది. గోతిలో చూస్తే అది రోడ్డు నడుమకు వచ్చి ఉంటుంది, దాని మీదుగా అడ్డంగా విద్యుత్తు సంస్థ బెస్కాం కేబులు పోతుంది, కేబులు పక్కన ఎవరూ తమదని ఒప్పుకోని ఇంటర్నెట్ తీగల కట్ట ఒకటి కనిపిస్తుంది. ఆ గోతి గట్టున గునపం పట్టుకున్న మేస్త్రీ, సూపర్‌వైజరు, జలమండలి లైన్‌మన్ ముగ్గురూ మీ ముఖం వైపే చూస్తారు. పైలు అర మీటరు పక్కకు జరపవచ్చునా, జరిపితే పైల్ క్యాప్ (పైళ్లను కలిపే కాంక్రీటు దిమ్మ) డిజైను మారుతుందా, లేక గొట్టమే మార్చాలా అన్న నిర్ణయం డిజైనరుతో మాట్లాడి ఆ రోజే తీసుకుని, కారణం నాలుగు వాక్యాల్లో ఫైలులో రాసి సంతకం పెట్టే మేనేజరు ఉన్న చోట పని సాగుతుంది. ఆడిట్ పేరాకు (లెక్కల తనిఖీలో రాసే ఆక్షేపణకు) భయపడి పైవారికి పంపి కూర్చునేవారు సంస్థకు చేసే నష్టం ఏ ఆడిటులోనూ కనబడదు గనుక వారు నిశ్చింతగా రిటైరవుతారు.

గుత్తేదారు ఆర్థిక స్థితిని కూడా గమనిస్తూ ఉండండి. చెన్నై మెట్రో మొదటి దశలో అన్నాసాలై కింది సొరంగ మార్గంలో గుత్తేదారు మధ్యలో వైదొలగగా మిగిలిన పనికి మళ్లీ టెండర్లు పిలవవలసి వచ్చింది. వాషర్‌మన్‌పేట నుంచి ఏజీ-డీఎంఎస్ వరకు మార్గం చివరికి 2019 ఫిబ్రవరి 10న తెరుచుకుంది. ఇటువంటి ముప్పు మొదట కనబడేది కాగితాల్లో కాదు, సైటులోనే. కంకర, స్టీలు సరఫరాదారులు లోడు దించకుండా డబ్బు కోసం గేటు దగ్గర నిలబడతారు, ఉప గుత్తేదారుల కూలీలు నెల తిరగకముందే ఊరికి వెళ్లిపోతారు.

భద్రత గురించి మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. 2023 జనవరి 10న నాగవార దగ్గర కట్టుబడిలో ఉన్న మెట్రో స్తంభం ఇనుప చట్రం రోడ్డు మీదికి ఒరిగి, ద్విచక్ర వాహనంపై వెళుతున్న ఒక తల్లీ చిన్న బిడ్డా మరణించారు. స్తంభం డిజైనును ముగ్గురు పరిశీలిస్తారు. కాంక్రీటు పోసేదాకా ఆ చట్రాన్ని నిలబెట్టే తాత్కాలిక తాళ్లు, ఆనుడు కర్రల లెక్కను చాలా చోట్ల ఎవరూ చూడరు. మీ ప్యాకేజీలో తాత్కాలిక నిర్మాణాలకు కూడా డ్రాయింగు, లెక్క, పరిశీలకుడి సంతకం లేనిదే పని మొదలుపెట్టనివ్వకండి. దీనివల్ల ఆలస్యమవుతుందని గుత్తేదారు మొరపెట్టుకుంటాడు, కానివ్వండి.

ప్రశ్న: ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటున్న నెల్లూరివాళ్లం. పసుపు మార్గంలో స్తంభాలు, స్టేషన్లు తయారై ఉన్నా చాలాకాలం రైలు రాలేదు. కట్టడం పూర్తయ్యాక కూడా అంత ఆలస్యం ఎందుకు?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, పై జవాబులో చెప్పిన అతుకుల్లో అన్నింటికన్నా ఖరీదైనది మీ ఇంటి ముందే ఉంది. ఆర్.వి.రోడ్డు నుంచి బొమ్మసంద్ర వరకు 19.15 కిలోమీటర్లు, 16 స్టేషన్లు ఉన్న ఈ మార్గానికి బోగీల గుత్త 2019లో ఒక చైనా సంస్థకు దక్కింది. ఆ గుత్తలో ఇతర మార్గాలవీ కలిపి మొత్తం 216 బోగీల్లో అత్యధిక భాగం మన దేశంలోనే తయారు కావాలి. ఆ సంస్థ ఇక్కడ కర్మాగారం పెట్టలేకపోవడంతో, చివరికి కోల్‌కతా దగ్గరి టిటాగఢ్ సంస్థతో కలిసి తయారీ చేపట్టవలసి వచ్చింది. మొదటి రైలు చైనా నుంచి 2024 ఫిబ్రవరిలో హెబ్బగోడి డిపోకు చేరింది.

రైలు వచ్చినంత మాత్రాన టికెట్లు అమ్మడానికి వీలులేదు. కొత్త రకం రైలు, డ్రైవరు లేకుండా నడవగల సిగ్నలింగు రెండూ ఒకేసారి వచ్చినందున పరీక్షలు ఎక్కువయ్యాయి. లక్నోలోని రైల్వే పరిశోధనా సంస్థవారు వివిధ వేగాల్లో రైలు ఊగిసలాటను కొలుస్తారు, సిగ్నలింగును విడిగా పరీక్షిస్తారు, చివరగా మెట్రో రైలు భద్రతా కమిషనరు మార్గమంతా తిరిగి చూసి అనుమతి ఇస్తారు. 2025 ఆగస్టు 10న మార్గం ప్రారంభమైనప్పుడు ఉన్నవి మూడే రైళ్లు, అందుకే మొదట్లో 25 నిమిషాలకొకటి నడిచింది. స్తంభాలు కట్టినవారి తప్పు ఇందులో లేదు. సివిల్ టెండరు పిలిచిన నాడే ప్రారంభ తేదీ నుంచి వెనక్కి లెక్కవేసి బోగీల టెండరు తేదీ నిర్ణయించాలనీ, తయారీదారు కర్మాగారం లేవకపోతే ప్రత్యామ్నాయం ఏమిటో మొదటి ఏడాదిలోనే తేల్చుకోవాలనీ నేను నమ్ముతాను.

ప్రశ్న: నేను అనంతపురం నుంచి వచ్చి బెంగళూరులో బీఈ సివిల్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మెట్రో ప్రాజెక్టుల నిర్వహణలోకి వెళ్లాలంటే ఏం నేర్చుకోవాలి?
– ఒక విద్యార్థి, యలహంక

జవాబు: నేల శాస్త్రం శ్రద్ధగా చదవండి. గట్టి రాయి, మెత్తని మట్టి కలగాపులగంగా ఉండే బెంగళూరు భూగర్భంలో, మొదటి దశలో మెజెస్టిక్ వైపు తవ్వుతూ నెలల తరబడి ఆగిపోయిన సొరంగ యంత్రం పేరు గోదావరి. పేరు మనదైనంత మాత్రాన రాయి దారి ఇవ్వలేదు. ప్రిమవేరా (పనుల షెడ్యూలు వేసే సాఫ్ట్‌వేరు) నేర్చుకోవడం మంచిదే, అయితే అది పది మందికీ వస్తుంది. కన్నడం చదవడం నేర్చుకోండి. చిక్కపేటలో దుకాణదారు తెలుగులో మాట్లాడినా అతనికి అందిన నోటీసు కన్నడంలోనే ఉంటుంది, మన లిపి వచ్చినవారికి ఆ అక్షరాలు వారం రోజుల పని. చివరగా, మెట్రో సంస్థలు టెండరు పత్రాలను వెబ్‌సైట్లలో పెడతాయి. ఒక స్టేషను సివిల్ ప్యాకేజీ పత్రాన్ని దించుకుని, డ్రాయింగుల కన్నా ముందు ఇంటర్‌ఫేస్ పట్టిక (ఒకరి పనికీ మరొకరి పనికీ మధ్య అతుకుల జాబితా) తెరవండి. ఎస్కలేటరు గొయ్యి ఎవరు తవ్వాలి, అందులో నీరు పోయే గొట్టం ఎవరు వేయాలి, విద్యుత్తు తీగ ఏ గోడ దాకా ఎవరు తేవాలి, గోడలో తీగల కోసం వదిలిన కంత పని అయ్యాక ఎవరు మూయాలి అని అందులో వరుసగా ఉంటుంది. అదే స్టేషను సిస్టమ్స్ (విద్యుత్తు, సిగ్నలింగు వంటి పనుల) ప్యాకేజీ పత్రాన్ని కూడా దించుకుని ఆ గళ్లను ఒకదానితో ఒకటి పోల్చి, రెండు చోట్లా ఎవరి పేరూ లేని గళ్లు ఏవైనా ఉంటే గుర్తించండి. వాటిని పట్టుకుని నాకు మళ్లీ రాయండి, ఇక్కడే చర్చిద్దాం.