తక్కెడ ఎందుకు బోర్లా పడింది?

(మాస్టారిని అడగండి)

ప్రశ్న: పొదిలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. ఏడేళ్ళ సర్వీసు. ఇప్పటిదాకా వెళ్ళిన శిక్షణలంటే ప్రొజెక్టర్ ముందు కూర్చోవడం, రిజిస్టర్లో సంతకం పెట్టడం, లేదా ఫోన్లో వీడియో నడిపించి క్విజ్ పూర్తి చేయడం. ఈ వేసవిలో ఒక సంస్థ అయిదు రోజులు ‘చేసి నేర్చుకునే’ కోర్సు పెడుతోంది. ఫీజు నాలుగు వేలు, బస ఖర్చు మనదే. మావారేమో "సర్కారే ఉత్తినే నేర్పిస్తుంటే చేతి డబ్బు ఎందుకు?" అంటున్నారు. వెళ్ళమంటారా?
– ఒక స్కూల్ అసిస్టెంట్, పొదిలి ప్రాంతం

జవాబు: మీవారి మాటలోనూ న్యాయం ఉందమ్మా. కానీ నా తక్కెడ సంగతి విన్నాక మీరే తేల్చుకోండి.

1990ల మొదట్లో, అప్పెప్ రోజులు. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం అని బ్రిటన్ సాయంతో నడిచేది. పిల్లలు చేసి నేర్చుకోవాలని ఆరు సూత్రాలు, టీచర్స్ సెంటర్లు, గోడల నిండా చార్టులు. అందులో ఒక శిక్షణలో మాకు రెండంగుళాల వెడల్పు చెక్కబద్ద, రెండు కొబ్బరి చిప్పలు, పురికొస ఇచ్చి తక్కెడ చెయ్యమన్నారు. కోవూరులో అంగళ్ళ మధ్య పెరిగినవాణ్ణి, నాకిదేం లెక్క అనుకున్నా. సరిగ్గా నడిమికి కొలిచి బెజ్జం పెట్టి వేలాడదీస్తే ఒక్క పక్కకు ఒరిగి బోర్లా పడింది. చిప్పలు మార్చా. పురికొస సవరించా. మళ్ళీ బోర్లా. నేర్పించే ఆయన పక్కనే నిలబడి చూస్తాడు గానీ చెయ్యి పెట్టడు. "ఏందయ్యా, చెప్పరాదా?" అని విసుక్కుంటే, "బెజ్జం నడిమినే ఉండాది. ఎంత ఎత్తున ఉండాదో చూడు" అని పక్క బల్ల దగ్గరికి పోయాడు.

భోజనాలకు గంట కొట్టినా నేను లేవలేదు. చివరికి కనపడింది: చిప్పలు వేలాడే రెండు బెజ్జాల కన్నా నడిమి బెజ్జం కిందుగా పెట్టాను. కాస్త పైకి మార్చానో లేదో, నిలిచింది. గరిమనాభి, అంటే బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కపెట్టే బిందువు, వేలాడదీసే చోటుకు కిందుంటేనే వస్తువు నిలుస్తుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే మరి!

తర్వాతి వారం బడిలో కావాలనే తప్పు తక్కెడ వేలాడదీశా. చేపలమ్మే ఆమె కూతురు ఒక పిల్ల ఉండేది. "సార్, బెజ్జం కిందుండాది" అనేసింది. నాకు సగం పూట పట్టిన పని ఆ పిల్లకు అర నిమిషం.

అందుకని ఆ సంస్థకు ఫోన్ చేసి ముందు ఒకటే అడగండి: రోజంతా వస్తువు ఎవరి చేతిలో ఉంటుంది? చాలాచోట్ల ‘చేసి నేర్చుకోవడం’ అంటే నేర్పించే ఆయన చేస్తాడు, మిగతా ముప్ఫై మందీ సెల్‌ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తారు. అది ప్రొజెక్టర్‌కి తమ్ముడే. మీ చేతిలో పాడయ్యి, మీరే బాగుచేసుకునేంత తీరిక ఇస్తామంటే నాలుగు వేలు దండగ కాదు. కిట్ కొనాలంటే మాత్రం వెనక్కి తగ్గండి. మన బళ్ళలో ల్యాబ్ అంటే బీరువా, బీరువా అంటే తాళం. కొత్త కిట్ కూడా అందులోకే పోతుంది. అరవింద్ గుప్తా గారు 1978లో ఇంజనీరు ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్సు కార్యక్రమానికి వెళ్ళి, అక్కడ అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో రేఖాగణితం చెప్పే బొమ్మలు కట్టారు. చతురస్రం నొక్కితే వాలిపోతుంది, త్రిభుజం కదలదు. ఆ సరుకంతా మీ పొదిలిలో దొరుకుతుంది.

ఇంటికొచ్చాక ఏమిటన్నది ఇంకో సంగతి. అమెరికాలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే ఇద్దరు 1980లలోనే చెప్పారు: శిక్షణలో బాగా చేసిన టీచరు కూడా, తరగతిలో తోడుండి చూసేవాళ్ళు లేకపోతే పాత దారికే వెళ్తారని. మీ సంస్థను అడిగితే "వాట్సాప్ గ్రూపు ఉందండీ" అంటారు. అందులో గుడ్ మార్నింగులు వస్తాయి. దానికన్నా మీ స్కూల్ కాంప్లెక్సులోంచి, అంటే చుట్టుపక్కల బళ్ళలోంచి, ఇంకో టీచరును వెంటబెట్టుకుని వెళ్ళండి. జూన్‌లో ఒకరి క్లాసులో ఒకరు కూర్చోండి.

మీ వైపు గనక ఇంకొకటి అడుగుతా. నీటి పరీక్ష నేర్పుతారా? కనిగిరి, పొదిలి పక్కల ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పాలా! తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని పాఠంలో చెబుతాం, ఎదుటి పిల్లల పళ్ళ మీద మరకలు చూస్తూనే. రంగు మార్పు చూసి ఏ బోరులో ఎంతుందో అంచనా కట్టే కిట్లు ఉన్నాయి. కిట్ వద్దన్నవాణ్ణే, దీనికి మాత్రం మినహాయింపు. అది నేర్పితే మారుమాటాడకుండా డబ్బు కట్టేయండి.

2020 జాతీయ విద్యావిధానం ఏటా 50 గంటల శిక్షణ అంటోంది. ఈ అయిదు రోజులు అందులో కలుస్తాయా అన్నది మండల విద్యాధికారి (ఎమ్మీవో) గారినే ముందుగా, కాగితం మీద అడగండి. సర్కారు వేసిన డ్యూటీ కాదు గనక ఈఎల్స్ (ఆర్జిత సెలవులు) మీద ఆశ పెట్టుకోవద్దు.

ప్రశ్న: ఒక వేసవి కోర్సులో ‘నీడ లేని రోజు’ చూపించారు, అంటే మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొచ్చి నిటారు కర్రకు నీడ పడని రోజు. పిల్లలకు చూపిద్దామంటే ఏప్రిల్ నెలాఖరుకు బడికి సెలవులాయె!
– ఒక ఉపాధ్యాయుడు, కావలి

జవాబు: సూర్యుడు తిరిగొస్తాడయ్యా. ఆగస్టులో నెల్లూరుకు 13, 14 తేదీల్లో, మీ కావలికి 12 ప్రాంతంలో, ఒంగోలుకు ఇంకో రోజో రెండు రోజులో ముందు. సరిగ్గా పన్నెండు గంటలకు కాదు, పన్నెండుంబావు దగ్గర చూడండి. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం దానికి పడమర ఉన్నాం. మబ్బు పడుతుందని భయమైతే జూలై నుంచే వారానికోసారి అదే వేళకు జెండా కర్ర నీడ చివర సుద్దతో గీత పెట్టించండి. మొదట్లో నీడ దక్షిణానికి పడుతుంది. ఎందుకో మీరు చెప్పకండి.