టెన్నిస్ ఎల్బోకి ఫిజియో పని చేస్తుందా, ఇంజెక్షన్ వేయించుకోవాల్నా?

చెల్లెమ్మా, నువ్వు రాసింది మొత్తం చదివినా. కర్నూల్లో బ్లౌజులు కుడతావు, రెండు నెలల నుంచి కుడి మోచేతి బయటి వైపు నొప్పి, కత్తెర పట్టుకుంటే చాలు మణికట్టు దాకా లాగుతాంది, ఐదు రోజులు ఫిజియోకి పోయి కరెంట్ పెట్టించుకున్నా తగ్గలేదు, ఇప్పుడు ఇంజెక్షన్ అంటున్నారు, ఫిజియో మానేద్దామా అని అడిగినావు. మానొద్దు. నన్నడిగితే నీకు అసలు ఫిజియో ఇంకా మొదలే కాలేదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

మాది అనంతపురం. నేనూ మా ఆయనా చిన్న మెస్ నడుపుతాం, మధ్యాహ్నం రాగి సంగటి కోసమే ఎక్కువ మంది వస్తారు. సంగటి గెలకడం ఎట్లుంటుందో నీకు చెప్పే పని లేదు, పిండి ఉడికినాక ఉండలు కట్టకుండా కట్టె గట్టిగా పట్టుకుని తిప్పాల, ఆ పట్టులో మణికట్టు పైకి వంగే ఉంటుంది, రోజూ అంత సంగటి, అట్ల పదేండ్లు. ఒకరోజు పొద్దున నీళ్ల చెంబు ఎత్తబోతే చేతిలో నుంచి జారి కింద పడింది. బలం లేక కాదు, మోచేతి బయట ఆ ఎముక బుడిపె దగ్గర సూదితో పొడిచినట్లయి పట్టు వదిలేసినా. తర్వాత తడి గుడ్డ పిండలేను, తలుపు గడియ తీయలేను.

అందరూ తలా ఒకటి చెప్పినారు. మా మామ పుత్తూరు పోయి కట్టు కట్టిద్దామన్నాడు, ఎముక విరగలేదు కదా అని నేనే వద్దన్నా. ఒక ఆస్పత్రిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసినారు. మూడో రోజుకల్లా నొప్పి లేదు, దేవుడా అనుకుని మళ్లీ మొత్తం సంగటి నేనే గెలికినా. ఇంజెక్షన్ తర్వాత చేతిని ఎట్ల వాడుకోవాలో అక్కడ ఒక్క మాట కూడా చెప్పలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. రెండు నెలలకు నొప్పి తిరగబెట్టింది, ముందుకన్నా ఎక్కువ. మా పాప నర్సింగ్ చదువుతాంది, తనే వెతికి చెప్పింది, ఆస్ట్రేలియాలో 198 మందిని ఏడాది పాటు చూసి 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసినారంట, ఇంజెక్షన్ వేసుకున్నోళ్లకు ఆరు వారాలకు బాగా తగ్గింది గానీ తర్వాత శానామందికి తిరిగొచ్చింది, ఏడాది అయ్యేసరికి వాళ్లకన్నా ఫిజియో చేసినోళ్లే మెరుగ్గా ఉన్నారు. ఇంకో మాట కూడా దాచకుండా చెప్తా, చేతిని చూసుకుని వాడుతూ ఊరికే ఆగినోళ్లు కూడా ఏడాదికి దాదాపు ఫిజియో వాళ్లతో సమానంగానే ఉన్నారు. అంటే ఇది తగ్గే జబ్బే, ఫిజియోతో రొంత ముందుగా తగ్గుతుంది.

సాయినగర్‌లో ఒక ఫిజియో అమ్మాయి దగ్గరికి పోయినాక నాకు విషయం అర్థమయింది. ఆమె ముందు మెషిన్ పెట్టలేదు. చేయి చాపి పిడికిలి బిగించి మణికట్టు పైకి లేపమని, తను పైనుంచి కిందికి నొక్కింది, సరిగ్గా ఆ బుడిపె దగ్గరే ప్రాణం పోయినట్లయింది. మెడ అటూ ఇటూ తిప్పించింది, వేళ్లు తిమ్మిరెక్కుతాయా అని అడిగింది. మణికట్టును పైకి లేపే కండరాల టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాళ్లలాంటివి, ఆ బుడిపె దగ్గరే అతుక్కుంటాయంట, ఎప్పుడూ అదే పని చేసి చేసి అక్కడి టెండన్ పాడయింది, ఇది వట్టి వాపు కాదు అనింది. నీ పనిలో చెప్పాలంటే కుట్టు ఊడలేదు, ఆ చోట బట్ట నలిగి పలచబడింది. కరెంట్ పెడితే ఆ గంట హాయిగా ఉంటుంది గానీ పలచబడిన చోట బలం రావాలంటే కొంచెం కొంచెం బరువు పెట్టి ఎక్సర్‌సైజ్ చేయాల్సిందే.

మొదటి రెండు వారాలు నేను చేసింది ఇంతే. ముంజేయి టేబుల్ మీద పెట్టి, అరచేయి కిందికి, మణికట్టు నుంచి చేయి మాత్రం అంచు బయట. ఎడమ చేత్తో పైనుంచి నొక్కి పట్టుకుని కుడి చేయి పైకి లేపబోయినట్లు బిగించాల, చేయి కదలకూడదు, 30 నుంచి 45 సెకన్లు, ఐదుసార్లు. తర్వాత అరలీటరు నీళ్ల బాటిల్ పట్టుకుని, ఎడమ చేతి సాయంతో పైకి లేపి, దించేటప్పుడు మాత్రం కుడి చేయి ఒక్కటే, ఐదు లెక్కపెడుతూ నిమ్మళంగా. 15 సార్లు, మూడు విడతలు, రోజుకొకసారి. నేను మొదట్లో తొందర తొందరగా లేపి దించేసినా, ఆమె చూసి ఆపించింది, దించడంలోనే ఉంది అసలు పని అనింది. చేసేటప్పుడు పదిలో మూడు వంతుల నొప్పి ఉంటే పర్వాలేదు, మరుసటి పొద్దునకు పెరిగితే బరువు తగ్గించాల. ఈ లెక్క తెలిసినాకే నాకు భయం పోయింది, అంతకుముందు నొప్పి వస్తే చాలు ఆపేస్తాంటి.

ఈ నొప్పికి కట్టుకునే బెల్టు మోచేతికి రెండు వేళ్ల కింద, పని చేసేటప్పుడు మాత్రమే కట్టుకున్నా. కట్టె పిడికి గుడ్డ చుట్టి లావు చేసుకున్నా, సగం సంగటి మా ఆయన గెలికేవాడు. నువ్వు కత్తెర సాన పట్టించు, నాలుగు మడతలు ఒకేసారి కత్తిరించొద్దు, ఇస్త్రీ పెట్టె ఎడమ చేత్తో ఎత్తు, సంచి ఎత్తాల్సి వస్తే అరచేయి పైకి ఉండేట్లు ఎత్తు.

ఆరో వారానికి తేడా తెలిసింది, మూడో నెలకు చెంబు ఎత్తినా, ఐదో నెలకు మొత్తం సంగటి. సిట్టింగులు తొమ్మిదే, మిగతాదంతా ఇంట్లోనే.

పేరు చూసి ఆటగాళ్ల జబ్బు అనుకోవద్దు. మా ఊర్లో టెన్నిస్ ఆటగాడు నాదల్ 2010లో వచ్చి ప్రారంభించిన టెన్నిస్ బడి ఉంది, పల్లె పిల్లలు చక్కగా ఆడుకుంటున్నారు, కానీ ఈ నొప్పి ఎక్కువగా వచ్చేది టెన్నిస్ ఆడని, 35 నుంచి 55 ఏండ్ల మనలాంటి వాళ్లకే. సచిన్‌కి ఇదే నొప్పికి 2005లో ఆపరేషన్ అయింది కదా అని మా ఆయన శానా భయపడినాడు, ఆపరేషన్ దాకా పోయేది చాలా తక్కువ మంది అని ఆ అమ్మాయే ధైర్యం చెప్పింది.

రేపు ఫిజియో దగ్గరికి పోయినప్పుడు మెషిన్ కన్నా ముందు ఎక్సర్‌సైజులు రాసియ్యమని అడుగు, ఆ ఫిజియో ముందరే ఒకసారి చేసి చూపించు. రాయించుకోకుండా ఇంటికి రావద్దు. వేళ్లు తిమ్మిరెక్కుతాయా, మెడ నుంచి నొప్పి దిగుతుందా అనేది నువ్వు రాయలేదు. అట్ల ఉంటే, లేదా మోచేయి వాచినా, పూర్తిగా చాచలేకపోయినా, ముందు ఎముకల డాక్టరుకు చూపించి తర్వాతే ఇదంతా మొదలుపెట్టు. తిమ్మిరి, మెడ నొప్పి ఉన్నాయో లేదో నాకు కూడా చెప్పు చెల్లెమ్మా.