అమ్మ వాడలేని మెషిన్: వాపసు అడిగే హక్కు ఉందా?

ప్రశ్న: నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్నలు తెనాలిలో ఉంటారు. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు అక్కడి షాపులో 38,500 రూపాయలకు ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ కొన్నాను. అమ్మకు ఇంగ్లిషు రాదు, చూపు కూడా మందగించింది. ఆ సంగతి చెప్పి, తేలికగా వాడుకోగలిగేది చూపించమని అడిగితే సేల్స్‌మన్ ఈ మోడల్ చూపించి, ‘ఒక్క బటన్ నొక్కితే చాలు’ అన్నాడు. ఇంటికి తెచ్చాక చూస్తే తిప్పే నాబ్ లేదు, నొక్కే బటన్ లేదు. అంతా నల్లటి టచ్ ప్యానెల్, దాని నిండా చిన్న చిన్న గుర్తులు. తడి చేత్తో తాకితే పలకదు. పల్చటి చీరలు ఉతికే ప్రోగ్రాము కావాలంటే ఫోనులో కంపెనీ యాప్ ఉండాలి. ఆ యాప్ ఫోను నంబరు, ఇల్లు ఎక్కడుందో చెప్పే లొకేషన్ ఇస్తేనే తెరుచుకుంటుంది. ఒకరోజు చైల్డ్ లాక్ పడి బట్టలు, నీళ్లు లోపలే ఉండిపోయాయి. నాన్న తలుపు గట్టిగా లాగితే హ్యాండిల్ విరిగి తెరుచుకుంది. నీళ్లన్నీ కారి పక్కనున్న చెక్క అల్మరా అడుగుభాగం ఉబ్బిపోయింది. టెక్నీషియన్ వచ్చి, ‘మెషిన్‌లో లోపం లేదు, వాడటం తెలియలేదు’ అని జాబ్ షీట్ మీద రాసి 650 రూపాయలు తీసుకున్నాడు. హ్యాండిల్‌కు వారంటీ వర్తించదట. షాపువాళ్లేమో బిల్లు మీది ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న ముద్ర చూపిస్తున్నారు. చట్టంలో మాకు దారి ఉందా?

జవాబు: ఉంది. కానీ ఏ మాట మీద కేసు వేస్తారన్న దాన్ని బట్టి గెలుపోటములు ఉంటాయి. మీ ఉత్తరంలో రెండు ఫిర్యాదులు కలిసిపోయాయి. మెషిన్ గందరగోళంగా ఉందన్నది మొదటిది. షాపులో చెప్పింది ఒకటి, ఇచ్చింది మరొకటి అన్నది రెండోది. మొదటి దాన్ని మాత్రమే పట్టుకుంటే ఓడిపోయే అవకాశమే ఎక్కువ. రెండో దాన్ని ముందు పెడితే మీ కేసుకు మంచి బలం ఉంది.

కారణం చెబుతాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) ‘లోపం’ అంటే ఏమిటో నిర్వచించింది. వస్తువు నాణ్యతలో, ప్రమాణంలో ఉండే కొరతే లోపం. ఆ కొరతను దేనితో పోల్చి కొలవాలో కూడా సెక్షన్ చెప్పింది: ఏదైనా చట్టం విధించిన ప్రమాణంతో, లేదా ఒప్పందంతో, లేదా వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న మాటతో. వాషింగ్ మెషిన్ మీద ఎన్ని గుర్తులు ఉండవచ్చో, నాబ్ ఉండాలో అక్కరలేదో చెప్పే చట్టం మనకు లేదు. అందుకే మోటారు తిరుగుతోంది, బట్టలు ఉతుకుతోంది, లోపం ఎక్కడుందని కంపెనీ వకీలు అడగగలడు. కానీ ‘ఒక్క బటన్ నొక్కితే చాలు’ అని షాపులో చెప్పిన మాట వ్యాపారి చెప్పుకున్న మాటే. ఆ మాటకు వస్తువు సరిపోవడం లేదు. మీ కొలబద్ద అదే.

దీనికి తోడు వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16 ఉంది. పాతదే అయినా మీకు ఎంతో పనికొచ్చే సెక్షన్ అది. కొనేవారు తమ అవసరం ఏమిటో అమ్మేవారికి చెప్పి, వారి అనుభవం మీద ఆధారపడి కొంటే, ఆ వస్తువు ఆ అవసరానికి తగినంతగా పనికి రావాలన్న షరతు అమ్మకంలో దానంతట అదే ఇమిడి ఉంటుంది. ఎవరూ కాగితం మీద రాయనక్కరలేదు. ఇంగ్లిషు రాని, చూపు మందగించిన అమ్మ కోసం అని మీరు చెప్పారు. మోడల్‌ను ఎంచింది సేల్స్‌మన్. ఇందులో ఒక చిక్కు ఉంది, జాగ్రత్తగా చదవండి. కొనేవారు ఫలానా కంపెనీ, ఫలానా మోడల్ కావాలని పేరు పెట్టి అడిగి కొంటే ఈ షరతు వర్తించదని అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. అవతలివారు దాని చాటుకే వెళతారు. కాబట్టి మోడల్‌ను మీరు అడగలేదని, అతనే చూపించాడని ఫిర్యాదులోనూ ప్రమాణపత్రం (అఫిడవిట్)లోనూ స్పష్టంగా రాయాలి. కొనే ముందు ఆ సేల్స్‌మన్‌తో వాట్సాప్‌లో మాట్లాడి ఉంటే ఆ సందేశాలు మీకు బంగారం. ఫోను మార్చేటప్పుడు పోగొట్టుకోకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేస్తే అభ్యంతరాలకు తావుండదు.

మరో కాగితం గురించి అడగాలి. మెషిన్ బిగించిన రోజు డెమో ఇచ్చినట్టు మీ నాన్నగారి చేత సంతకం పెట్టించుకున్నారా? చాలా ఇళ్లలో ఆ కాగితాన్ని ఎవరూ చదవరు. ‘వాడే విధానం పూర్తిగా వివరించాం, వినియోగదారు సంతృప్తి చెందారు’ అని అందులో ఉంటే వినియోగదారుల కమిషన్ ముందు అదే పెడతారు. అలాంటి సంతకం ఉందని భయపడనక్కరలేదు. డెమో ఎన్ని నిమిషాలు ఇచ్చారు, ఏ భాషలో ఇచ్చారు, చైల్డ్ లాక్ ఎలా తీయాలో చూపించారా అన్న వివరాలు మీ నాన్నగారి మాటల్లో ప్రమాణపత్రంగా ఇవ్వవచ్చు.

ఇక ‘వాడటం తెలియలేదు’ అన్న రాత. ఈ నాలుగు ముక్కలు చదివినప్పుడు నాకు నిజంగానే కోపం వచ్చింది. సంసారమంతా నడిపిన ఒక తల్లిని తన ఇంట్లోనే చేతకానిదానిగా నిలబెట్టే మాట ఇది. ఆ మెషిన్ తయారుచేసినవారు ఎవరిని దృష్టిలో పెట్టుకున్నారన్న ప్రశ్న ఎవరూ అడగకుండా చేసే మాట కూడా. శిక్షణ పొందినవారు సైతం ఇలాంటి తెరల ముందు తికమకపడతారు. 2017 ఆగస్టు 21న సింగపూర్ సమీపంలో అమెరికా నౌకాదళానికి చెందిన జాన్ ఎస్. మెకెయిన్ యుద్ధనౌక ఒక ట్యాంకరును ఢీకొని పదిమంది నావికులు మరణించారు. శిక్షణ, పర్యవేక్షణ లోపాలతో పాటు, నౌకను నడిపే టచ్ స్క్రీన్ వ్యవస్థ రూపకల్పన కూడా ప్రమాదానికి దోహదం చేసిందని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2019లో తేల్చింది. తర్వాత వేగాన్ని నియంత్రించడానికి మళ్లీ చేత్తో తోసే మీటలే పెట్టాలని ఆ నౌకాదళం నిర్ణయించింది. యుద్ధనౌక సిబ్బంది విషయంలోనే రూపకల్పనను తప్పుపట్టగలిగినప్పుడు, తెనాలిలోని గృహిణి విషయంలో తప్పంతా ఆమెదేనని జాబ్ షీట్ మీద రాసేయడం న్యాయం కాదు.

నష్టాల దగ్గరకు వద్దాం. చట్టం హ్యాండిల్‌ను, అల్మరాను వేర్వేరుగా చూస్తుంది. 2019 చట్టంలోని ఆరో అధ్యాయం ‘ఉత్పత్తి బాధ్యత’ అనే కొత్త హక్కును తెచ్చింది. రూపకల్పనలో లోపం ఉన్నా, హాని జరగకుండా సరైన వాడకం గురించి తగిన సూచనలు లేకపోయినా, తప్పుగా వాడితే ఏమవుతుందో హెచ్చరించకపోయినా తయారీదారుది బాధ్యత అని సెక్షన్ 84 చెబుతుంది. షాపు యజమానికీ సెక్షన్ 86 కింద బాధ్యత ఉంటుంది. కంపెనీ ఇచ్చిన సూచనలను కొనేవారికి అందించకపోవడం వల్ల హాని జరిగితే, లేదా తనంతట తాను ఇచ్చిన హామీకి వస్తువు సరిపోక హాని జరిగితే అతను జవాబు చెప్పాలి. అయితే సెక్షన్ 2(22)లోని ‘హాని’ నిర్వచనం ప్రకారం ఆ వస్తువుకే జరిగిన నష్టం ఇందులోకి రాదు. అల్మరా వస్తుంది, హ్యాండిల్ రాదు. హ్యాండిల్, మెషిన్ ధర, 650 రూపాయలు — ఈ మూడింటినీ లోపం, సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న మాటల కిందే అడగాలి. రెండు రకాల ఉపశమనాలూ ఒకే ఫిర్యాదులో కోరవచ్చు.

మీ నాన్నగారు తలుపు లాగడాన్ని దుర్వినియోగం అంటారు. షాపు యజమానికి ఆ వాదన సెక్షన్ 87లోనే ఉంది. మీ జవాబు ఇలా ఉండాలి: తలుపు తెరుచుకోకపోతే హ్యాండిల్ లాగి చూడటం ఎవరైనా చేసే పని. లోపల నీళ్లున్నప్పుడు తలుపు తాళం పడుతుందని, చైల్డ్ లాక్ గుర్తు ఫలానా అని, ముందుగా నీటిని వదలడానికి ఇదీ పద్ధతి అని వాడే మనిషికి అర్థమయ్యేలా ఎక్కడ చెప్పారో చూపించండి. మెషిన్‌తో ఇచ్చిన సూచనల పుస్తకంలో ఆ వివరాలు ఉన్నాయేమో మీరూ వెతకండి. చాలా కంపెనీలు ఇప్పుడు నాలుగు పేజీల కాగితం ఇచ్చి, మిగతాది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చదువుకోమంటున్నాయి. మీకూ అదే ఇచ్చి ఉంటే ఆ కాగితాన్ని భద్రపరచండి. అది మీకు అనుకూలమైన సాక్ష్యం. పుస్తకంలో అంతా స్పష్టంగా ఉంటే మాత్రం అల్మరా విషయంలో మీ వాదన బలహీనపడుతుంది. ఆ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

తెలుగులో సూచనలు ఇచ్చి తీరాలన్న నిబంధన ఉందా అని చాలామంది అడుగుతారు. ప్యాకేజీ మీద ముద్రించే తప్పనిసరి వివరాలు హిందీలోగానీ ఇంగ్లిషులోగానీ ఉంటే చాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. తెలుగు అదనంగా ఇవ్వవచ్చు, ఇవ్వకపోతే నేరం కాదు. ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటాను. ప్రస్తుతానికి తెలుగు లేకపోవడం ఒక్కటే కారణంగా గెలవలేరు. ‘తగిన సూచనలు’ లేవన్న వాదనకు దాన్ని బలంగా వాడుకోవచ్చు.

యాప్ సంగతి వేరు. మెషిన్‌లో ఉన్న ప్రోగ్రామును వాడుకోవడానికి యాప్ కావాలని, అందులో ఖాతా తెరవాలని కొనే ముందు చెప్పారా? పెట్టె మీద ఉందా? లేకపోతే అది దాచిన విషయమే. వస్తువు గురించి నిజానిజాలు తెలుసుకునే హక్కు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(9)లో ఉంది. అవసరంలేని వ్యక్తిగత సమాచారం ఇస్తేనే ముందుకు వెళ్లనిచ్చే ఎత్తుగడను ‘బలవంతపు చర్య’ పేరుతో 2023 నవంబరు 30 నాటి డార్క్ ప్యాటర్న్స్ (కొనేవారిని మభ్యపెట్టే డిజైన్ ఎత్తుగడలు) మార్గదర్శకాలు నిషేధించాయి. అవి ముఖ్యంగా ఆన్‌లైన్ అమ్మకాలను దృష్టిలో పెట్టుకున్నవి. షాపులో కొన్న మెషిన్ యాప్‌కు వాటిని వర్తింపజేయాలన్నది వాదించదగిన మాటే గానీ, స్థిరపడిన న్యాయం కాదు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 కూడా చెప్పిన పనికి అవసరమైనంత సమాచారానికే సమ్మతి చెల్లుతుందని, సమ్మతి కోరే నోటీసును తెలుగు సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో చదువుకునే వీలుండాలని అంటుంది. ఈ చట్టం దశలవారీగా అమలులోకి వస్తోంది. వైఫై కలపడానికి లొకేషన్ కావాలని కంపెనీ చెప్పవచ్చు. చీరలు ఉతకడానికి ఫోను నంబరు ఎందుకో చెప్పడం వారికి కష్టం. యాప్ అడుగుతున్న అనుమతుల తెరలను ఒక్కొక్కటిగా ఫొటో తీసి పెట్టుకోండి. ఈ అంశాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు విడిగా రాయవచ్చు. ఆ సంస్థ మీకు పరిహారం ఇప్పించదు, కానీ అందరి విషయంలోనూ ఆ పద్ధతి ఆపమని కంపెనీని ఆదేశించగలదు.

షాపువాడి రబ్బరు ముద్రకు విలువ ఇవ్వకండి. బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే ముప్పై రోజుల్లోగా లోపం ఉన్న సరుకును వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి అని వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) చెబుతుంది. ముద్ర వేసుకుని చట్టాన్ని రద్దు చేయలేరు. మీరు మొదటిసారి వాపసు ఎప్పుడు అడిగారో, దానికి ఆధారం ఏముందో చూసుకోండి.

ఇప్పుడు చేయవలసిన పని. మొదట కంపెనీకి, షాపుకు ఇద్దరికీ ఈమెయిల్‌లోనో రిజిస్టర్డ్ పోస్టులోనో రాయండి. ‘కష్టంగా ఉంది’ అని రాయకండి. సేల్స్‌మన్ ఏమి చెప్పాడు, ఏమి ఇచ్చాడు, ఏ సూచన లేదు, ఏ నష్టం జరిగింది అని రాయండి. మెషిన్ వాపసు తీసుకుని ధర చెల్లించమని, లేదా బటన్లున్న మోడల్ ఇచ్చి తేడా సొమ్ము తిరిగి ఇమ్మని, 650 రూపాయలు, అల్మరా మరమ్మతు ఖర్చు ఇవ్వమని అడగండి. పదిహేను రోజులు గడువు ఇవ్వండి. ఆలోగా జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు కూడా ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. చాలా కంపెనీలు ఈ దశలోనే దారికి వస్తాయి.

రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. ఐదు లక్షల రూపాయల వరకు రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా దాఖలు చేయవచ్చు. ఫిర్యాదుదారు నివసించే చోటగానీ ఉద్యోగం చేసే చోటగానీ కేసు వేసుకోవచ్చు కాబట్టి బెంగళూరు కూడా కుదురుతుంది. కానీ నా సలహా గుంటూరే. మెషిన్, అల్మరా, షాపు, సాక్షులు అన్నీ అటువైపే ఉన్నాయి. కొన్నవారి అనుమతితో వాడేవారు కూడా సెక్షన్ 2(7) ప్రకారం వినియోగదారులే. అందువల్ల మీ అమ్మగారిని మొదటి ఫిర్యాదుదారుగా, మిమ్మల్ని రెండో ఫిర్యాదుదారుగా చేర్చండి. తనకు ఏమి ఎదురైందో ఆమె చెప్పినప్పుడు వచ్చే బలం మీరు చెప్పినప్పుడు రాదు. షాపును, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చడం మరచిపోకండి. ఒకరి మీద ఒకరు నెట్టుకోవడానికి వీలు లేకుండా పోతుంది.

మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది గానీ, ఆచరణలో అంతకన్నా ఆలస్యమే అవుతోంది. వస్తువును ప్రయోగశాలకు పంపాలని అవతలివారు కోరితే అభ్యంతరం చెప్పండి. మీ వివాదం మోటారు గురించి కాదు, చెప్పిన మాటకూ కళ్లెదుట ఉన్న ప్యానెల్‌కూ మధ్య తేడా గురించి. దానికి ల్యాబ్ అక్కరలేదు, ఫొటోలు చాలు. మానసిక వేదనకు లక్షలు అడగకండి. అడిగినంత మాత్రాన ఇవ్వరు, పైగా మీ అసలు ఫిర్యాదు పలచబడుతుంది.

విరిగిన హ్యాండిల్‌ను అప్పుడే బాగు చేయించకండి. ముందు మెషిన్, ప్యానెల్, హ్యాండిల్, అల్మరా అన్నింటికీ తేదీ కనిపించేలా ఫొటోలు, వీడియో తీయండి. వడ్రంగి చేత మరమ్మతు ఖర్చు రాయించి సంతకం తీసుకోండి. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలి.